టేలర్ స్విఫ్ట్ వార్తల్లో పాట ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

టేలర్ స్విఫ్ట్ పేరు మన పత్రికల్లో కనిపించిందంటే అది నిశ్చితార్థం గురించో, ఆస్తి గురించో, కొత్త గౌను గురించో అయివుంటుంది. ఆమె రాసిన, పాడిన పాటల గురించి నాలుగు వాక్యాలు కూడా రావు. కంట్రీ (అమెరికా పల్లె బాణీ) గాయని కాస్తా పాప్ రాణి అయిందని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మార్పు ఎలా వచ్చిందో పాఠకులకు తెలియాలి.

2006లో మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి ఆమెకు 16 ఏళ్లు. బాంజో, ఫిడేలు, అమెరికా దక్షిణాది యాస, అంతా కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరపు బాణీ. పాటలు వేరేవాళ్లు రాసిపెడుతున్నారన్న అనుమానాలు వినిపిస్తే, 2010లో 'స్పీక్ నౌ' ఆల్బమ్‌లోని 14 పాటలూ ఒక్కరే రాశారు. 2012 నాటి 'రెడ్' సగం నాష్‌విల్, సగం పాప్. స్వీడన్‌కు చెందిన పాప్ ప్రొడ్యూసర్లు మాక్స్ మార్టిన్, షెల్‌బ్యాక్ చేసిన మూడు పాటలు పక్క పాటలతో కలవవు. దేనికది బాగున్నా ఆల్బమ్ మొత్తానికి ఒక నాదం కుదరలేదు. అందుకే తర్వాతి ఆల్బమ్ '1989'ను పూర్తిగా సింథసైజర్ల మీద కట్టారు. రెండు మూడు కంట్రీ పాటలైనా ఉంచమని లేబుల్ (రికార్డింగ్ కంపెనీ) అడిగినా ఒప్పుకోలేదు. 2016లో దానికి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది.

2017 నాటి 'రెపుటేషన్' దగ్గర అందరూ పామునే చూశారు. అంతకు ముందు ఏడాది ఒక వివాదంలో జనం ఆమెను పాము అని తిట్టిపోస్తే, ఆమె ఆ పామునే తన గుర్తుగా పెట్టుకున్నారు. కానీ ఆ ఆల్బమ్ రెండో సగం వినండి. అక్కడ ఉన్నవి ఎక్కువగా ప్రేమపాటలు. చివరి పాటలో పియానో దాటి పెద్ద హంగే లేదు. వేషం ఒకటి చెబుతుంటే పాట ఇంకోటి చెబుతోంది.

అసలు మలుపు 2020లో వచ్చిన 'ఫోక్‌లోర్'. కరోనా రోజులవి, స్టూడియోలో అందరూ కూర్చునే వీలు లేదు. సంగీతకారుడు ఆరన్ డెస్నర్ వాద్యాల ట్రాకులు పంపేవారు. ఆమె వాటి మీద బాణీ, మాటలు అల్లి, ఫోన్‌లో పాడి తిరిగి పంపేవారు. ఆ తర్వాత ఇంట్లోనే మైకు పెట్టి గొంతు రికార్డు చేశారు. గొంతు కిందికి దిగింది, మాట చెవి దగ్గర చెప్పినట్టు వినిపిస్తుంది. రచన కూడా మారింది. ఒకే ముక్కోణపు ప్రేమను మూడు పాటల్లో ముగ్గురి వైపునుంచీ చెప్పారు. 'బెట్టీ' పాటలో తప్పు చేసిన కుర్రాడిగా ఆమే పాడారు. అంతవరకూ ఏ పాట ఏ ప్రియుడి మీద అని ఆరా తీసినవాళ్లకు ఇక్కడ ఆధారం దొరకదు. నా లెక్కలో ఆమె రచయితగా పూర్తిగా ఎదిగింది ఈ ఆల్బమ్‌లోనే.

ఎదుగుదలను చెవితో పట్టుకోవడానికి మంచి మార్గం ఆమే ఇచ్చారు, పాత పాటలను మళ్లీ పాడి. పాటకు రెండు హక్కులుంటాయి. మాటకూ బాణీకీ ఒకటి, రికార్డింగుకు మరొకటి. మొదటిది ఆమె చేతిలో ఉంది. మొదటి ఆరు ఆల్బమ్‌ల రికార్డింగులు మాత్రం అప్పట్లో లేబుల్‌వి. 2019లో లేబుల్‌తో పాటు అవీ చేతులు మారాయి. మళ్లీ పాడకూడదని ఒప్పందంలో ఉన్న గడువు తీరగానే, కొత్త రికార్డింగుల హక్కు తనదయ్యేలా ఆమె పాత ఆల్బమ్‌లను మళ్లీ పాడటం మొదలుపెట్టారు. 2021 నుంచి 2023 దాకా అలా నాలుగు వచ్చాయి. 2025 మేలో పాత రికార్డింగులనూ కొనేసుకున్నారు.

'ఫియర్‌లెస్' ఆల్బమ్‌లోని ఒకే పాటను 2008, 2021 రూపాల్లో పక్కపక్కన వినండి. వాద్యాల అమరిక దాదాపు ఒకటే కాబట్టి తేడా అంతా గొంతులో తెలుస్తుంది. ముందు రెండింటి శబ్దం సమానం చేసుకోవాలి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే బాగుందనిపిస్తుంది. ఫోన్ స్పీకరులో బేస్ పోతుంది, ఇయర్‌ఫోన్స్ వాడండి. మొదటిసారి పంక్తి చివరి అక్షరాలనే గమనించండి. పాతదాంట్లో ముక్కుతో లాగిన యాస, సన్నబడే ఊపిరి ఉంటాయి. కొత్తదాంట్లో మంద్రం నిలబడింది, ఊపిరి చివరిదాకా ఉంది. అలాగని ప్రతిసారీ కొత్తదే మేలు కాదు. 18 ఏళ్ల పిల్ల ఆత్రం 31 ఏళ్ల గొంతులో రాలేదు. '1989' కొత్త రూపంలో మాక్స్ మార్టిన్ లేరు, కొన్నిచోట్ల గిటారు పలచబడింది.

ఇక 'ఎరాస్' పర్యటన. 149 ప్రదర్శనలు, ఒక్కోటి మూడు గంటల పైనే. దానికోసం నెలల ముందు నుంచి ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ, పరుగెత్తుతూ మొత్తం పాటల వరుసను పాడి సాధన చేశానని ఆమే చెప్పారు. ఆ పర్యటన మీద వచ్చిన వార్తల్లో వసూళ్లే పెద్దక్షరాల్లో కనిపించాయి.

మన సినిమా పాట గురించి రాసేటప్పుడు రచన ఎవరిది, సంగీతం ఎవరిది, గానం ఎవరిది అని తప్పకుండా వేస్తారు. అదే మర్యాద ఈ పాటలకూ ఇవ్వండి. పాట ఎవరు రాశారు, ఎవరు ప్రొడ్యూస్ చేశారు, రికార్డింగు హక్కు ఎవరిదన్న మూడు వివరాలు వార్త అడుగున వేస్తే చాలు. చోటు చాలకపోతే గౌను ఫొటో కాస్త చిన్నది చేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ