ఓడినవాళ్లు నోరు మూసుకోవాలా?

సంపాదకులకు,

బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య, అంటే ఈయూ నుంచి బ్రిటన్ వైదొలగడం) సంగతి 2016 రెఫరెండంలోనే (ప్రజల నేరుగా ఓటింగ్‌లోనే) ప్రజలు తేల్చేశారు, ఇక చర్చ దేనికి అనే మాట ఇక్కడ బ్రిటన్‌లో తరచూ వింటుంటాం. నేను ఒప్పుకోను. 1975 రెఫరెండంలో 67 శాతం మంది ఈయూకు పూర్వరూపమైన ఐరోపా సమాజంలోనే ఉందామన్నారు. అయినా విడిపోదామనేవాళ్లు నలభై ఏళ్లు తమ వాదన వినిపిస్తూనే వచ్చారు. అదే హక్కు 2016లో ఉందామని ఓటేసి ఓడిన 48 శాతానికి ఎందుకుండదు?

బ్యాలెట్‌పై అడిగింది ఉందామా, వెళ్దామా అన్నదొక్కటే. ఈయూ ఉమ్మడి మార్కెట్‌లో, కస్టమ్స్ యూనియన్‌లో (సభ్య దేశాల మధ్య సుంకాలు లేని కూటమిలో) కొనసాగాలా, ఐర్లండ్‌తో సరిహద్దు ఎలా ఉండాలి అన్న సంగతి అడగనేలేదు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ ఉందామనే ఓటేశాయి.

అలాగని ఈశాన్య ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ లాంటి చోట్ల 'లీవ్' (వెళ్దాం) అన్నవాళ్లను తెలివితక్కువవాళ్లుగా చూడటం తప్పు. ఓడల యార్డులు, బొగ్గు గని మూతపడిన ఊరది. వాళ్ల కోపానికి కారణాలున్నాయి.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది మరొకటుంది. కామన్వెల్త్ పౌరులం కాబట్టి ఇక్కడ నివసించే భారతీయులకు ఆ రోజు ఓటు ఉంది. ఏళ్ల తరబడి ఇక్కడే పన్నులు కడుతున్న ఈయూ దేశాలైన పోలండ్, ఇటలీ వాళ్లకు లేదు. తీర్పు మాత్రం వాళ్ల బతుకుల మీదే. ఎప్పుడైనా మళ్లీ ఇలాంటి రెఫరెండం పెడితే ముందు ఈ అన్యాయాన్ని సరిచేయాలి.

– ఒక తెలుగు పాఠకుడు, లీసెస్టర్