సైనిక చరిత్ర పుస్తక విభాగం – వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

గడచిన ఏడాది మన విభాగం చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాను. పుస్తకాల బీరువాలకు మైలాపూరులోని తమ ఇంటి ముందుగదిని అద్దె లేకుండా ఇచ్చిన దంపతులకు, అట్టలు ఊడిపోయిన సంపుటాలను కుట్టి కొత్త బైండింగ్ వేసి కూలి కూడా పూర్తిగా పుచ్చుకోని పనివారికి, ప్రతి సభకూ కాఫీ, ఫలహారాలు సమకూర్చిన మహిళా సభ్యులకు ముందుగా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం సగర్వంగా చెప్పుకోవలసింది జూలై 10న జరిపిన పుస్తక ప్రదర్శన. 1794లో అదే తేదీన విశాఖపట్నం దగ్గరి పద్మనాభంలో విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సేనతో పోరాడి నేలకొరిగారు. 1806లో అదే తేదీన, తెల్లవారకముందే, వేలూరు కోటలో సిపాయిలు కొత్త తలపాగాను, బొట్టూ గడ్డాల మీద పెట్టిన ఆంక్షలను సహించలేక తిరగబడ్డారు. పద్మనాభంలో కుంపిణీ పక్షాన తుపాకి పట్టినవారూ, వేలూరులో ఆ తుపాకిని కుంపిణీ మీదికే తిప్పినవారూ ఒకే మద్రాసు సేనకు చెందిన సిపాయిలన్న సంగతి విని సభలో చాలామంది ఆశ్చర్యపోయారు. ఆ సేనలో మన ఉత్తర సర్కారుల నుంచి చేరిన తెలుగువారూ ఉన్నారు.

అయితే వారి పేర్లు పుస్తకాల్లో దొరకడం కష్టం. బొబ్బిలి వీరులకు దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్ర ఉంది, ఊరూరా చెప్పుకొన్న కథలున్నాయి. 1882 నుంచి వెలువడిన విల్సన్ గారి మద్రాసు సేన చరిత్ర ఐదు సంపుటాల్లో దండయాత్రలు, పటాలాల సంఖ్యలు, దొరల పేర్లు విస్తారంగా ఉన్నాయి గానీ మామూలు సిపాయి ఎక్కువగా లెక్కల్లోనే కనిపిస్తాడు. అందుకే ఇళ్లలో ఉన్న పాత కాగితాలను కూడా ప్రదర్శనకు తెమ్మని సభ్యులను కోరాం. తాతగారి ట్రంకు పెట్టెలోంచి ఒక సభ్యురాలు తెచ్చిన డిశ్చార్జి కాగితం నాలుగు మడతల దగ్గరా చిరిగి, కర్పూరం వాసన వేస్తోంది. సిరా వెలిసినా బస్రా అన్న ఊరి పేరూ, కింద వేలిముద్రా స్పష్టంగా ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో మెసొపొటేమియా వెళ్లిన ఆ మనిషిని ఇంట్లో అందరూ బస్రా తాత అనే పిలిచేవారట. అలా ఎందుకు పిలిచేవారో ఆమెకు ఆ రోజే తెలిసింది. నా మటుకు ప్రదర్శనలోని పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క కాగితం ఒక ఎత్తు.

జమాఖర్చులను ఆడిటరు గారు సరిచూశారు. కోశాధికారి గారి పట్టిక విడిగా జతపరిచాం. మిగులు స్వల్పమే.

రెండు విషయాలు బాధతో చెప్పక తప్పదు. పాత దస్త్రాలకు నకళ్లు కోరుతూ ఒక కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం. రసీదు ముద్ర తప్ప జవాబు లేదు. ఇక పుస్తకాల జాబితా రాస్తామని ఉత్సాహంగా పేర్లిచ్చినవారిలో చాలామంది రెండో ఆదివారానికే కనిపించలేదు. చివరికి ఆ పనంతా డెబ్బై ఏళ్లు దాటిన ఒక విశ్రాంత సుబేదారు గారి మీదే పడింది. ఆయన భూతద్దం పట్టుకుని సగం బీరువాలు పూర్తి చేశారు. మిగతా సగానికి ఆయన పక్కన కూర్చుని రాసేవారు కావాలి. ఆదివారం ఉదయం పది గంటలకు గది తెరిచే ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి, చెన్నై