కాళ్లు చూడకుండా ‘చైనా అతిథి’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా ఊరి చెరువులోని మాండరిన్ బాతు ఫొటో వేసి, చైనా నుంచి వలస వచ్చిందని రాశారు. అది చదివి ఆదివారం తెల్లవారకముందే వెళ్లి గట్టు మీద గంటన్నర కూర్చున్నాను. పిల్లలు మరమరాలు విసిరితే ఈదుకుంటూ వాళ్ల దగ్గరికే వచ్చేసింది. అదొక్కటే అయితే ఏమీ అనను, మనిషిని ఎరగని అడవి పక్షులు కూడా కొన్ని బెదరవు. కానీ రెక్క చాపినప్పుడు చూస్తే ఒకవైపు పెద్ద ఈకలన్నీ కత్తెర వేసినట్టు ఒకే వరసలో తెగి ఉన్నాయి, కుడికాలికి అతుకు లేని రింగు ఉంది.

ఆ అతుకే అసలు సంగతి. పక్షులు పెంచేవాళ్లు పక్షిపిల్లకి కొద్ది రోజుల వయసులోనే, పాదం చిన్నగా ఉన్నప్పుడే, గాజు తొడిగినట్టు నిండు రింగు ఎక్కిస్తారు, పెద్దయ్యాక అది ఊడిరాదు. అంటే ఈ బాతు ఎవరో పెంచినదే. శాస్త్రవేత్తలు అడవి పక్షులకు వేసేది మాత్రం చీలిక ఉన్న రింగు, పట్టకారుతో నొక్కి మూస్తారు. కాబట్టి ఏదో ఒక రింగు కనబడగానే పెంపుడుదని తేల్చేయడమూ తప్పే. మంగోలియాలో శాస్త్రవేత్తలు మెడపట్టీలు వేసిన బార్ హెడెడ్ గూస్‌లు (తల మీద చారలుండే అడవి బాతులు) కర్ణాటక చెరువుల్లో దిగాయి కదా.

మాండరిన్ బాతు మన దేశానికి రానే రాదని కూడా నేను అనడం లేదు. 2021 ఫిబ్రవరిలో అస్సాం తిన్‌సుకియా జిల్లా మాగురి బీల్ అనే చిత్తడి చెరువులో కనబడింది, ఆ ప్రాంతంలోనే 1902లో చూసినట్టు రికార్డుంది. పక్షి ఎక్కడి నుంచి వచ్చిందో కొన్నిసార్లు ఈకే సాక్ష్యం చెబుతుంది. ఈక మొలిచే రోజుల్లో తిన్న తిండి, తాగిన నీళ్ల ఆనవాలు దాంట్లో ఉండిపోతుంది. 2005లో డెన్మార్క్‌లో వేటకు చిక్కిన బైకాల్ టీల్ అనే చిన్న బాతు నిజంగా సైబీరియా నుంచే వచ్చిందని అలాగే తేల్చారు.

దయచేసి ఇలాంటి ఫొటో ఎవరైనా పంపితే కాళ్లు, విప్పిన రెక్క కనబడే ఫొటోలు కూడా అడగండి, చుట్టుపక్కల పక్షులు పెంచేవాళ్లున్నారేమో వాకబు చేయించండి. ‘విదేశీ అతిథి’ అని రాసేసరికి జనం సెల్ఫీలకి వస్తున్నారు తప్ప, అది ఎగరలేని స్థితిలో ఉందని, రాత్రిపూట గట్టు మీద కుక్కలు తిరుగుతాయని ఎవరికీ తట్టడం లేదు.

దాన్ని పెంచినవాళ్లు ఈ ఉత్తరం చదువుతుంటే, నిన్న సాయంత్రం వరకూ తూము పక్కన తుంగలోనే ఉంది. వచ్చి తీసుకెళ్లండి.

– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా