ట్రౌట్ చేపలు ఎవరి నీళ్లకు ఎన్ని?

గ్రూప్‌లో అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో గాలం వేసేవాళ్ల కోసం పెద్ద నదుల్లో వారం వారం ట్రౌట్ చేపలు వదులుతూ, మన పక్కనున్న చిన్న చెరువులకు మాత్రం ఏదో కాస్త వదిలి ఊరుకుంటున్నారని రెండు రోజులుగా ఇక్కడ చర్చ నడుస్తోంది. నాకు తెలిసింది చెబుతాను.

రాష్ట్ర ప్రభుత్వ చేపల పెంపక కేంద్రమైన పెక్వెస్ట్ హ్యాచరీ ఏటా 5 లక్షలకు పైగా రెయిన్‌బో ట్రౌట్ పెంచుతుంది. వాటిని ఊరికి ఇన్నని సమానంగా పంచరు, పంచకూడదు కూడా. నీళ్ల విస్తీర్ణం ఎంత, ఒడ్డుకు జనం స్వేచ్ఛగా వెళ్లగలరా, ఎంతమంది గాలం వేస్తారు, అక్కడ చేప ఎన్నాళ్లు బతుకుతుంది అన్నవి చూస్తారు. అసలు కీలకం ఈ చివరిదే. ట్రౌట్‌కు చల్లని నీళ్లు కావాలి. నీరు 21 డిగ్రీల సెల్సియస్ దాటితే దానికి ఊపిరి ఆడటం కష్టమవుతుంది. లోతులేని చెరువు తొందరగా వేడెక్కుతుంది కాబట్టి మే నెలాఖరులో అక్కడ చేపలు పోస్తే చంపుకున్నట్టే. చల్లగా పారే నదిలో అయితే అవే చేపలు ఇంకా చాలా రోజులు ఉంటాయి.

బ్రూక్ ట్రౌట్ సహజంగా పిల్లలు పెట్టే వాగుల్లో హ్యాచరీ చేపలు కలపకపోవడమే మేలు. అది ఈ నేల చేప, రాష్ట్ర చేప కూడా. దాని చోటు దానికి ఉండాలి.

ఒక్క విన్నపం. ఒడ్డున చెత్త, తెగిన దారం వదలకండి. విసిగిపోయి స్థలం యజమాని దారి మూసేస్తే ఆ చోటికి చేపల లారీ రాదు. పదహారేళ్లు నిండినవాళ్లు లైసెన్స్‌తో పాటు ట్రౌట్ స్టాంప్ (ట్రౌట్ పట్టడానికి విడిగా తీసుకునే అనుమతి) కూడా తప్పకుండా తీసుకోండి.