శనివారం ఎడమకాలి మ్యాచ్ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం మన గ్రౌండులో జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్ మీద వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా మాటలు ఆగలేదు. పీఈటీ సార్ పిల్లల్ని ఎడమకాలితోనే ఆడమన్నారు. ఇద్దరు పడ్డారు. ఒక తండ్రిగారు ఆట మధ్యలోనే వచ్చి బాబును తీసుకెళ్లిపోయారు. మోకాళ్లు దోక్కుపోయిన ఆ ఇద్దరూ సోమవారం ప్రేయర్‌కు అందరికన్నా ముందొచ్చి నిలబడ్డారు. "ఇది చదువా, వేళాకోళమా" అని అడిగినవారికి జవాబు చెప్పడం నా బాధ్యత.

ఇది మన హైదరాబాద్ పద్ధతే. సయ్యద్ అబ్దుల్ రహీం గారు చదువుకునే రోజుల్లో ఉస్మానియా జట్టుకు ఆడి, తర్వాత బడిపంతులయ్యారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆటలు చూసుకున్నారు. వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టించిన మనిషి ఆయన. రెండు కాళ్లూ ఆడితేనే పాస్ త్వరగా వెళ్తుంది, ఎదుటివాడికి మన దారి ముందే తెలియదు. ఆయన భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా ఉండగానే మన జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించాక ఇప్పటిదాకా ఆ స్వర్ణం మళ్లీ మనకు రాలేదు. మన సార్ కూడా కాలేజీ జట్టుకు ఆడి, బడి పిల్లల కోసమే ఇక్కడికి వచ్చినవారు. నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం ఆయన పీరియడ్‌ను లెక్కలకూ సైన్సుకూ ఇవ్వను.

ఎనిమిదో తరగతి పాప ఒకరు నిరుడు గ్రౌండు గేటు దాటేది కాదు. శనివారం ఎడమకాలితో గోల్ కొట్టింది! ఆరో తరగతి బాబు ఒకడు పొద్దున్నే వచ్చి గీతలకు ముగ్గు పోస్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే. వాళ్లను చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఎఫ్ఏ-2 మార్కుల కార్డులు శుక్రవారం ఇస్తాం, బస్సు ఫీజు 10వ తేదీలోపు కట్టండి.

ఇంకో విన్నపం. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసి, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు ఈ నెల ప్రేయర్‌లో ముగ్గురు కళ్లు తిరిగి పడిపోయారు. వాళ్లు పడింది ఆటలో కాదు. గేమ్స్ పీరియడ్ రోజునే కడుపునొప్పి చీటీలు ఎక్కువగా వస్తున్నాయి. నిజంగా నొప్పి ఉంటేనే దయచేసి రాసివ్వండి. చెప్పులతో కాక బూట్లతో పంపండి.

ఈ శనివారం మూడున్నరకు మళ్లీ ఎడమకాలి మ్యాచ్ ఉంది. మొన్న మధ్యలో వెళ్లిపోయిన బాబు స్థానం ఎవరికీ ఇవ్వలేదు, అలాగే ఉంచాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు