పిల్లల కళ్లకు ఎర్ర లైటు మిషన్: ఆన్‌లైన్‌లో కొనకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గవర్నర్‌పేటలో కళ్లద్దాల షాపు నడుపుతున్నాను, పవర్ పరీక్ష కూడా నేనే చేస్తాను. ఈ మధ్య పిల్లలను తీసుకొస్తున్న తల్లిదండ్రులు అద్దాల సంగతి పక్కన పెట్టి ముందు ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తున్నారు. అందులో ఓ పిల్లాడు చిన్న పెట్టెకున్న రెండు కన్నాల్లోకి చూస్తుంటాడు, లోపల ఎర్ర లైటు. మూడు నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు చూస్తే సైట్ పెరగదట, "ఆన్‌లైన్‌లో తెప్పించేయమంటారా అండీ?" అని అడుగుతున్నారు. కౌంటర్ దగ్గర నిలబడి ఐదు నిమిషాల్లో చెప్పేది కాదిది, మీ పత్రికలో వస్తే నలుగురికీ చేరుతుందని రాస్తున్నాను.

వెలుగుతో వైద్యం బూటకం అని నేను అనడం లేదు. తక్కువ శక్తి గల ఎర్ర కాంతి కథ 1967లో బుడాపెస్ట్‌లో మొదలైంది. ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు ఎలుకల వీపు గొరిగి, అక్కడ బలహీనమైన లేజర్ వేసి చూస్తే వెంట్రుకలు త్వరగా మొలిచాయి. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ఈ ఎర్ర కాంతిని పీల్చుకుని పని పెంచుతుందని శాస్త్రవేత్తలు చెప్పే వివరణ. క్యాన్సర్ చికిత్సలో వచ్చే నోటి పుండ్లను తగ్గించడానికి దీన్ని అంతర్జాతీయ మార్గదర్శకాలే సిఫార్సు చేస్తున్నాయి. కంటి వెనుక వెలుగును పట్టే పొర రెటీనాలో మైటోకాండ్రియా మరీ ఎక్కువ, అందుకే కంటి డాక్టర్ల దృష్టి దీనిమీద పడింది. షుగర్ పేషెంట్లకు రెటీనాను కాల్చే లేజర్ వేరు, ఇది వేరు. ఇది దేన్నీ కాల్చదు, కాల్చకూడదు కూడా.

పెద్దవాళ్ల విషయంలో ఆశ ఉంది. మొన్న పటమట నుంచి ఒక పెద్దావిడను కొడుకు తీసుకొచ్చాడు. మా గోడ మీదున్న గళ్ల కాగితాన్ని ఒక కన్ను మూసుకుని చూడమంటే "మధ్యలో గళ్లు చెరిపేసినట్టున్నాయి బాబూ" అంది. వయసుతో రెటీనా మధ్యభాగం అరిగిపోయే ఈ జబ్బులో డ్రై రకానికి విటమిన్ మాత్రలు తప్ప పెద్దగా ఏమీ చెప్పలేకపోయేవాళ్లం. 2024 నవంబరులో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ ఈ జబ్బుకు వలేడా అనే లైట్ మిషన్‌ను అనుమతించింది. 590, 660, 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న మూడు వెలుగులు, మూడు నుంచి ఐదు వారాల్లో తొమ్మిది సిట్టింగులు, మళ్లీ నాలుగు నెలలకోసారి అదే వరస. ఫలితం ఎంతో కూడా దాచకుండా చెప్పాలి కదా: 13 నెలలకు నిజమైన వెలుగు తగిలిన కళ్లు చార్టులో సగటున 5.4 అక్షరాలు ఎక్కువ చదివాయి, ఉత్తుత్తి చికిత్స చేసినవి 3 అక్షరాలు. అంటే తేడా రెండున్నర అక్షరాల లోపే. చూపు జారిపోతున్న మనిషికి అది చిన్న విషయం కాదు, కానీ పోయిన చూపంతా తెచ్చిస్తుందని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

అసలు భయం పిల్లల గురించే. చైనాలో 264 మంది పిల్లలతో చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో ఏడాదికి కనుగుడ్డు పొడవు (అది సాగితేనే సైట్ పెరుగుతుంది) మామూలు అద్దాల పిల్లల్లో 0.38 మిల్లీమీటర్లు పెరిగితే, 650 నానోమీటర్ల ఎర్ర లైటు చూసినవాళ్లలో 0.13 మాత్రమే పెరిగింది. మంచి ఫలితమే, వీడియోల్లో చెప్పేది ఇదొక్కటే. ఆ తర్వాత జరిగింది ఎవరూ చెప్పడం లేదు. 2023లో వైద్య పత్రికలో వచ్చిన ఒక కేసులో, ఐదు నెలలు ఈ మిషన్ వాడిన 12 ఏళ్ల పాపకు రెండు కళ్లలోనూ రెటీనా దెబ్బతిని చూపు తగ్గింది, ఆపేసిన మూడు నెలలకు గానీ కొంత తేరుకోలేదు. 2024లో హ్యూస్టన్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి రెండు మిషన్లను కొలిచి, మూడు నిమిషాల్లోనే రెటీనా భద్రతా పరిమితి దగ్గరకు పోవడమో దాటడమో జరుగుతోందన్నారు. చివరికి చైనాయే 2024 జులై నుంచి వీటిని వైద్య పరికరాల్లో అత్యంత కఠినమైన తరగతిలో పెట్టి, ఆ రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదంది. అక్కడే ఇంత గట్టిగా ఆపితే, ఎంత శక్తి ఉందో లేబుల్ మీద కూడా సరిగా రాయని పెట్టెను మనం ఇంట్లో మంచం పక్కన పెట్టి పిల్లాడికి ఇస్తామా? మందుకు డోసు ఉన్నట్టే వెలుగుకూ ఉంటుంది, పైగా పిల్లాడు దానివైపు కళ్లార్పకుండా చూస్తాడు.

సైట్ పెరగకుండా చేసే మార్గాలు లేకపోలేదు. డాక్టరు రాసిచ్చే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, పిల్లల కోసం వచ్చిన ప్రత్యేక లెన్సులు, అన్నిటికన్నా చవకైనది రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడుకోవడం. బెజవాడ ఎండలో ఎలా అంటారు, చెట్టు నీడలో ఉన్నా గది లైటుకన్నా ఎన్నో రెట్లు వెలుగు ఉంటుంది. గ్రౌండే లేని అపార్ట్‌మెంట్ స్కూళ్లలో, చీకటి పడేదాకా స్టడీ అవర్స్ పెట్టే హాస్టళ్లలో పిల్లలకు ఆ రెండు గంటలూ ఎక్కడ దొరుకుతాయి? ఇది రాస్తుంటే నాకు కోపం వస్తోంది.

ఔషధ నియంత్రణ అధికారులు ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్న ఈ పెట్టెలకు మన దేశంలో వైద్య పరికరంగా రిజిస్ట్రేషన్ ఉందో లేదో వెంటనే చూడాలి. మీరు కూడా విజయవాడ, గుంటూరు రెటీనా డాక్టర్లతో దీని మీద ఒక పేజీ వేయించండి, ప్రకటనలా కాకుండా. ఇప్పటికే వాడుతున్నవాళ్లుంటే ఈరోజే ఆపి, పిల్లలకు కంటి పాప పెద్దది చేసే చుక్కలు వేయించి రెటీనా పరీక్ష, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ చేయించండి. వెళ్లేటప్పుడు ఆ మిషన్ కూడా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.

ఇట్లు,
ఒక ఆప్టోమెట్రిస్ట్,
గవర్నర్‌పేట, విజయవాడ