సంతకం పెట్టే ముందు ఇది చదువు, శేఖర్

ఫ్రిస్కో, టెక్సస్
ఆదివారం ఉదయం

ఒరే శేఖర్,

రాత్రి నీతో మాట్లాడాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఫోనులో సగం మాటలు పిల్లల అరుపుల్లో కొట్టుకుపోయాయి, చెప్పాల్సిన అసలు సంగతి నా నోట్లోనే ఉండిపోయింది. అందుకే కాఫీ కలుపుకుని తీరిగ్గా రాస్తున్నాను. మీ ఈత కొలనుకు, అదే పూల్‌కు, ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రం బిగిస్తామని ఇచ్చిన ఆ కొటేషన్ మీద ఇది పూర్తిగా చదివాకే సంతకం పెట్టు.

ముందు అమ్మగారి భయం తీర్చు. పిల్లలు ఉప్పునీళ్ళలో ఎలా ఈదుతారని కదా ఆవిడ బెంగ! సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఇలాంటి పూల్‌లో 3 గ్రాముల పైచిలుకు, అంటే పదో వంతు. చిన్నప్పుడు కాకినాడ తీరంలో మునిగి లేస్తే పెదవుల మీద ఉప్పు పేరుకునేది కదా, అలా ఉండదు. ఇంకో మాట కూడా ఆవిడకు చెప్పు: ఇది క్లోరిన్ లేని పూల్ కాదు. ఉప్పు కలిసిన నీళ్ళు యంత్రంలో సెల్ అనే భాగంలోని టైటానియం పలకల మధ్య నుంచి వెళుతున్నప్పుడు కరెంటు ఆ ఉప్పులోంచే క్లోరిన్ పుట్టిస్తుంది. అది తన పని చేశాక మళ్ళీ ఉప్పుగానే మారుతుంది. అందుకే ఒకసారి పోసిన ఉప్పు చాలాకాలం వస్తుంది. ఎండకు ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. వానకు పూల్ పొంగినా, ఫిల్టర్ కడిగి నీళ్ళు బయటికి వదిలినా మాత్రం పోతుంది. మీ హ్యూస్టన్ వానల సంగతి నీకు తెలిసిందే.

ఇక అసలు విషయం. నీ కొటేషన్‌లో ‘40,000 గ్యాలన్ల పూల్‌కు సరిపోతుంది’ అని రాసి ఉంది చూడు, ఆ ఒక్క వాక్యాన్ని నమ్మవద్దు. నేను నమ్మాను. మాది 30,000 గ్యాలన్లు. యంత్రం బిగించడానికి వచ్చినతను 40,000 గ్యాలన్లదే పెట్టాడు, ఇంకా పదివేలు మిగులు ఉందని చెప్పాడు. ఆ జులైలో మేనకోడలి పెళ్ళికి కాకినాడ వెళ్ళి మూడు వారాల తర్వాత తిరిగి వచ్చేసరికి పూల్ పాచి పట్టిన కోనేరులా ఉంది. మెట్లు కనిపించలేదు. పిల్లలు సామాన్లు కూడా దింపకుండా పరుగెత్తుకెళ్ళి, గట్టు మీదే ఆగిపోయారు. యంత్రం మీద పచ్చ దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. అందులో ఏ లోపమూ లేదు. నూటికి నూరు శాతం పని చేస్తూనే ఉంది, అయినా చాలలేదు.

ఎందుకో ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాక గాని బోధపడలేదు. డబ్బా మీది గ్యాలన్ల సంఖ్య యంత్రం రోజుకు 24 గంటలూ ఆగకుండా నడిస్తే వచ్చే లెక్క. పంపు నీళ్ళు తోసినంతసేపే యంత్రం క్లోరిన్ తయారుచేస్తుంది, మా పంపు నడిచేదేమో 8 గంటలు. నువ్వు చూడాల్సింది గ్యాలన్లు కాదు, రోజుకు ఎన్ని పౌండ్ల క్లోరిన్ తయారుచేస్తుందన్నది. ఆ సంఖ్య యంత్రంతో వచ్చే పుస్తకంలో ఉంటుంది.

నీ పూల్‌నే తీసుకుందాం. పొడవు 40 అడుగులు, వెడల్పు 20, సగటు లోతు 6. మూడింటినీ గుణించి, వచ్చిన దాన్ని ఏడున్నరతో గుణిస్తే 36,000 గ్యాలన్లు. అంత నీటిలో ఒక పౌండు క్లోరిన్ పడితే సుమారు 3.3 పీపీఎం, అంటే పది లక్షల వంతుల నీటికి 3.3 వంతులు, పెరుగుతుంది. ఉదాహరణకు పెంటెయిర్ కంపెనీ వాళ్ళ 40,000 గ్యాలన్ల యంత్రం ఐసీ40 రోజంతా నడిస్తే ఇచ్చేది 1.4 పౌండ్లు. నీ పంపు 12 గంటలే నడుస్తుందనుకుంటే నీకు దక్కేది 2.3 పీపీఎం. మన టెక్సస్ ఎండ వేసవిలో ఒక్క రోజులో 3 పీపీఎం తినేయగలదు, ఒక్కోసారి 4 కూడా. రోజూ కొంచెం కొంచెం అప్పు పెరిగినట్టే. ఏ పదో రోజునో నీళ్ళు పచ్చబడతాయి.

అందుకని నీకు 60,000 గ్యాలన్లదే కావాలి. అందులోనూ కంపెనీని బట్టి తేడా ఉంది. పెంటెయిర్ వాళ్ళదే ఐసీ60 రోజుకు 2 పౌండ్లు ఇస్తుంది, కొన్ని 3 పౌండ్ల దాకా ఇస్తాయి. నీ అంత పూల్‌కు నేనైతే 3 పౌండ్ల వైపే చూస్తాను. పెద్దది కొనడం డబ్బు దండగ అనుకోకు. సెల్ ఆయువు సుమారు 10,000 గంటలు, అదీ క్లోరిన్ తయారుచేసిన గంటలే లెక్క. చిన్న యంత్రాన్ని నూరు శాతం మీద రోజుకు 12 గంటలు, ఏడాదికి తొమ్మిది నెలలు తోలితే మూడేళ్ళకే పలకల మీది పూత అరిగిపోతుంది. పెద్దదాన్ని సగం మీద నడిపితే అదే సెల్ ఆరేళ్ళు వస్తుంది. ఖర్చంతా ఆ సెల్‌లోనే ఉంది, కంట్రోల్ పెట్టెలో కాదు. కొనే ముందు కొత్త సెల్ ధర ఎంతో, అది సులభంగా దొరుకుతుందో లేదో తప్పకుండా అడుగు.

ఉప్పు గురించి కూడా తొందరపడకు. నీ పూల్‌కు 3,200 పీపీఎం రావాలంటే 40 పౌండ్ల బస్తాలు 24 పడతాయి, నీళ్ళలో ఇప్పటికే ఉప్పు లేదనుకుంటే. కానీ ఇన్నాళ్ళూ క్లోరిన్ వాడిన పూల్‌లో ఉప్పు కొంత చేరే ఉంటుంది. ముందు పరీక్ష చేసి, తక్కువైనంతే పోసుకో. ఎక్కువైతే నీళ్ళు పారబోయడం తప్ప వేరే దారి లేదు. అయొడిన్ కలపని, ముద్దకట్టకుండా మందు వేయని శుద్ధమైన ఉప్పే కొను.

స్టెబిలైజర్, అంటే క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే మందు, ఎంత ఉందో కూడా పరీక్షించు. మా పూల్ ఆ వేసవిలో పాడవడానికి అది కూడా ఒక కారణం. 20 పీపీఎం దగ్గర ఉంది, ఉండాల్సింది 60 నుంచి 80. అది తక్కువైతే యంత్రం తయారుచేసిన క్లోరిన్‌ను ఎండ అప్పటికప్పుడే పీల్చేస్తుంది. నీరు ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ మాత్రం ఈ యంత్రంతో పెరుగుతూనే ఉంటుంది. దాన్ని తగ్గించడానికి వారం వారం మ్యురియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) పోయక తప్పదు. చుక్కలు వేసి చూసే టేలర్ కె-2006 కిట్ కొనుక్కో, రంగు కాగితాల మీద ఆధారపడకు.

నిన్న సాయంత్రం మా సెల్ విప్పి చూశాను. పలకల సందుల్లో కుండ అడుగున పట్టే తెల్లటి గారలాంటిదే పట్టింది. నాలుగు వంతుల నీళ్ళలో ఒక వంతు యాసిడ్ కలిపి అందులో ఉంచితే బుసబుసమని నురగ వచ్చింది, పది నిమిషాల్లో పలకలు శుభ్రంగా బయటపడ్డాయి. నువ్వు చేసేటప్పుడు ముందు కరెంటు ఆపు. నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు ఎప్పుడూ పోయవద్దు. తిరిగి బిగించి పంపు వేయగానే నీళ్ళు వచ్చే రంధ్రం దగ్గర పాలనురగలాంటి సన్నటి బుడగలు లేచాయి. అవి హైడ్రోజన్ బుడగలు. వాటిని చూస్తే ఇప్పటికీ నాకు మనసు నెమ్మదిస్తుంది.

మీ గట్టుకు వేసింది సున్నపురాయేనా? అయితే ఉప్పునీళ్ళు చింది ఆరిపోతే మెత్తటి రాయి పెచ్చులు లేస్తుంది. పిల్లలు ఈదాక మంచినీళ్ళతో ఒకసారి కడిగేయమని చెప్పు. చలికాలంలో నీళ్ళు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరకు వస్తే చాలా యంత్రాలు క్లోరిన్ తయారీ ఆపేస్తాయి. పాడైందనుకుని కంగారుపడకు, ఆ రోజుల్లో మామూలు ద్రవ క్లోరిన్ కాస్త పోస్తే చాలు.

ఇప్పుడు నాకు మూడు సంగతులు రాసి పంపు: పంపు రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో, స్టెబిలైజర్ ఎంత ఉందో, కొటేషన్‌లోని యంత్రం రోజుకు ఎన్ని పౌండ్లు ఇస్తుందో. బుధవారం లోపల పంపితే లెక్క వేసి చెబుతాను. కొటేషన్ ఇచ్చినతను తొందరపెడితే శుక్రవారం దాకా ఆగమని చెప్పు. చెల్లెమ్మకు, పిల్లలకు మా అందరి ఆశీస్సులు. అమ్మగారికి నమస్కారాలు.

నీ
హరి